ఆ డాక్టర్ లేదు, ఆ ఊరు మాత్రం ఉంది

సినిమా ప్రశ్నలు – జవాబులు

(క్రితం సంచికలో ఒక పాఠకుడు, తాను చూసిన హారర్ సినిమాల్లో అన్నిటికన్నా భయపెట్టింది 2009లో వచ్చిన ‘ది ఫోర్త్ కైండ్’ అని రాశారు. గ్రహాంతరవాసులు మనుషుల్ని ఎత్తుకుపోయే కథ. ఆ ఉత్తరం చదివి చాలామంది ఆ సినిమా చూసి, మళ్ళీ మాకు రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ సినిమాకే కేటాయించాం.)

ప్రశ్న: అక్కా, హాస్టల్లో ఫ్రెండ్స్ అందరం కలిసి ఈ సినిమా చూశాం. మొదట్లోనే హీరోయిన్ కెమెరా ముందుకొచ్చి ఇదంతా నిజంగా జరిగిందని చెబుతుంది. అసలు డాక్టర్ వీడియోలు కూడా పక్కపక్కనే చూపించారు. ఆ రాత్రి లైటు తీయకుండానే పడుకున్నాం. తర్వాత నెట్‌లో వెతికితే కొందరు నిజమంటారు, కొందరు కాదంటారు. ఆ డాక్టర్ ఉందా, లేదా? ఉంటే ఇప్పుడు ఎక్కడుంది?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, హనుమకొండ

లేదమ్మా. డాక్టర్ అబిగైల్ టైలర్ అనే మనిషి ఎప్పుడూ లేదు. ‘అసలు వీడియో’ అంటూ చూపించిన దాంట్లో పాలిపోయిన ముఖంతో, పీక్కుపోయిన కళ్ళతో కనిపించే ఆవిడ షార్లెట్ మిల్చర్డ్ అనే బ్రిటిష్ నటి. తెరలో ఒక సగంలో హీరోయిన్ మిల్లా జోవోవిచ్ నటిస్తుంటే, రెండో సగంలో ఈవిడ నటించింది. రెండు వైపులా నటనే. ‘అసలు’ డాక్టర్ని ఇంటర్వ్యూ చేస్తూ కనిపించే ఆయన ఈ సినిమా దర్శకుడు ఒలాతుండే ఒసున్‌సాన్మి.

సినిమా చూడనివాళ్ళ కోసం కథ కొంచెం చెబుతాను. అలాస్కాలో నోమ్ అనే చిన్న ఊరు. 2000 అక్టోబరు. భర్త చనిపోయిన బాధలో ఉన్న ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి నిద్రపట్టని రోగులు వస్తుంటారు. అందరూ ఒకే మాట చెబుతారు, రాత్రిపూట తెల్ల గుడ్లగూబ ఒకటి తమనే చూస్తూ ఉంటుందని. ఆవిడ వాళ్ళని హిప్నాటైజ్ చేస్తుంది. వాళ్ళకి ఏదో గుర్తొస్తుంది, కేకలు పెడతారు. అలా గుర్తొచ్చిన ఒకతను ఇంటికెళ్ళి భార్యాబిడ్డల్ని కాల్చి, తననీ కాల్చుకుంటాడు. చివరికి డాక్టర్ కూతురే మాయమవుతుంది.

మీరు భయపడ్డారంటే అది మీ అమాయకత్వం అనుకోకండి. సినిమాలో పెట్టుబడి అంతా పెట్టింది ఆ నమ్మకం మీదే. హీరోయిన్ తన సొంత పేరు చెప్పుకుని ‘నేను ఫలానా పాత్ర వేస్తున్నాను’ అంటే, ఆ పాత్ర వెనక మనిషి ఉండే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. విడుదల సమయంలో అలాస్కా పత్రికలవాళ్ళు ఆ డాక్టర్ కోసం గట్టిగానే వెతికారు. ఆ రాష్ట్రంలో వైద్యులకిచ్చే లైసెన్సుల్లో ఆ పేరు లేదు. అక్కడి మానసిక వైద్యుల సంఘంవాళ్ళు ఆ పేరు వినలేదన్నారు.

నేను చాలా ఏళ్ళు డబ్బింగ్ థియేటర్లలో సౌండ్ ఎడిటర్‌గా చేశాను. ఇంగ్లీషు సినిమాలకి తెలుగు ట్రాకులు కూర్చడం నా పని. కాబట్టి ఈ సినిమాని చెవులతో కూడా చూశాను. గదిలో మూల స్టాండు మీద పెట్టిన మామూలు వీడియో కెమెరాలో మాట ఎలా రికార్డవుతుందో మీకూ తెలుసు, ఇంట్లో పెళ్ళి వీడియోలు వినే ఉంటారు. మాట పలచగా, దూరంగా వస్తుంది. గోడల ప్రతిధ్వని కలుస్తుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒక్క ముక్క అర్థం కాదు. ఈ ‘అసలు టేపు’ల్లో మాత్రం ప్రతి మాటా తేటగా వినిపిస్తుంది. ఒకరి మాట పూర్తయ్యాకే ఇంకొకరు అందుకుంటారు. సరిగ్గా మనం చూడాల్సిన క్షణం వచ్చేసరికి బొమ్మ చారలు చారలుగా చెదిరిపోతుంది, కేక మాత్రం చెక్కుచెదరదు. ప్రతిసారీ అంతే. ఒకసారి చెదిరితే టేపు పాడైందనుకోవచ్చు. అవసరమైనప్పుడల్లా చెదురుతుంటే అది ఎడిటింగ్ టేబుల్ మీద చేసిన పని.

తెర రెండుగా చీలినప్పుడు కూడా గమనించండి. రెండు సగాల్లో ఇద్దరూ ఒకే మాట ఒకే ఊపిరిలో మొదలుపెట్టి ఒకే చోట ఆపుతారు. నిజంగా భయపడ్డ మనిషి మాట్లాడే తీరుని ఇంకొక నటి అంత కచ్చితంగా సింక్ చేయడం ఎంత కష్టమో డబ్బింగ్ కోసం రోజూ సీన్లని ముక్కలు చేసి లూపులు కట్టినవాళ్ళకి తెలుస్తుంది. ఇద్దరికీ ఒకటే డైలాగ్ పేపర్ ఇస్తేనే అలా కుదురుతుంది.

ప్రశ్న: సినిమాకి తీసుకున్న ఐడియా చాలా బాగుందనిపించింది. అయినా చివరికొచ్చేసరికి ఏదో మోసపోయిన ఫీలింగ్. మొదటి గంటలో ఉన్న టెన్షన్ తర్వాత ఎందుకు లేదు? ఎక్కడ దెబ్బతింది?
– మెడికల్ షాపు యజమాని, రాజమహేంద్రవరం

ఇందులో ఒక్క సీను ఉందండీ, దాని గురించి ఎవరడిగినా నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. డాక్టర్ రాత్రిపూట తన కేసుల నోట్స్ చిన్న రికార్డర్లో చెబుతూ అలసిపోయి నిద్రపోతుంది. రికార్డర్ ఆన్‌లోనే ఉండిపోతుంది. మర్నాడు ఆ నోట్స్ టైపు చేయడానికి సెక్రటరీ టేపు వింటుంది. మామూలు గొంతు, తర్వాత నిశ్శబ్దం, ఆ తర్వాత ఏదో శబ్దం, కేకలు. తనకే ఏం జరిగిందో డాక్టర్ తన గొంతులోనే వినాల్సి వస్తుంది. తనకేమో ఏదీ గుర్తుండదు. మనకి కనిపించేది వింటున్నవాళ్ళ ముఖం ఒక్కటే. హారర్‌కి ఇంతకన్నా మంచి సరుకు ఉండదు. నిద్రలో మన ఒంటి మీద మన అధీనం ఉండదన్న భయం అందరికీ ఉన్నదే. దానికి గ్రాఫిక్స్ అక్కర్లేదు, ఒక టేపు చాలు.

దర్శకుడు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. టేపులో ఉన్న గొంతు ఏ భాషలో మాట్లాడుతోందని ఒక పండితుణ్ణి పిలిపిస్తారు. ఆయన విని సుమేరియన్ అంటాడు. సుమేరియన్ ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో ఐదు వేల ఏళ్ళ కిందట వాడిన భాష. మట్టి పలకల మీద దొరికింది. మాట్లాడేవాళ్ళు పోయి వేల ఏళ్ళయింది. దాని ఉచ్చారణ మనకి తెలిసింది చాలావరకు అదే ప్రాంతపు మరో పాత భాష అక్కాడియన్ రాతల ద్వారా, అదీ ఉజ్జాయింపుగానే. గరగరలాడే టేపులో రెండు ముక్కలు విని ఇది ఫలానా భాష అని చెవితో గుర్తుపట్టడం కుదిరే పని కాదు. అయినా నా బాధ అది తప్పని కాదు. అప్పటివరకు ఒక గదిలో, ఒక మంచం మీద ఉన్న భయం, ఆ సీను నుంచి దేవుళ్ళు, ప్రాచీన నాగరికతలు, మానవజాతి పుట్టుక అంటూ ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది. మీకు టెన్షన్ పోయింది అక్కడే.

రెండో దెబ్బ ఆ చీల్చిన తెర. ప్రేక్షకుడు భయపడాలంటే పాత్రతో పాటు గదిలో ఉండాలి. ఇక్కడ ప్రతి పెద్ద సీన్లోనూ మనం ఎడమ వైపు, కుడి వైపు చూస్తూ రెండూ సరిపోతున్నాయా లేదా అని పోల్చుకుంటూ కూర్చుంటాం. ఇంట్లో తుపాకీ పట్టుకుని కుటుంబాన్ని బెదిరిస్తున్న ఆ రోగి సీన్లో చూడండి. పిల్లల ప్రాణాలు పోతున్న సమయంలో మన దృష్టి పోలీసు కెమెరా క్వాలిటీ మీద ఉంటుంది. ఇది నిజం, ఇది నిజం అని రుజువు చేయడానికే సినిమా తన శక్తంతా ఖర్చు చేసింది. తల్లీకూతుళ్ళ కథ చెప్పడానికి ఇక మిగల్లేదు. ఆ పాపకి చూపు ఎందుకు పోయిందో, తండ్రి ఎలా పోయాడో, అన్నకీ తల్లికీ మధ్య ఏముందో అన్నీ పైపైన తేలిపోయాయి. విల్ పాటన్, ఎలియాస్ కోటియాస్ లాంటి మంచి నటులున్నారు. పాటన్ వేసిన షెరీఫ్‌కి (ఊరి పోలీసు అధికారికి) మొదటి నుంచి చివరి వరకు అరవడం తప్ప వేరే పని ఇవ్వలేదు.

ప్రశ్న: మేడమ్‌గారూ, నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. ‘నిజంగా జరిగిన కథ’ అని చెప్పి దయ్యం కథలు చెప్పడం మన ఇళ్ళల్లోనూ ఉంది. మా అమ్మమ్మ ప్రతి కథకీ పక్క ఊరి పేరు, ఒక మనిషి పేరు చేర్చి చెప్పేది. 1999లో మంత్రగత్తె కథ వెతుకుతూ అడవిలో తప్పిపోయిన విద్యార్థుల వీడియో అంటూ అమెరికాలో ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ అని ఇలాంటి సినిమానే వస్తే అందరూ మెచ్చుకున్నారు. ఈ సినిమా చేసిన తప్పేమిటి?
– కాకినాడ

మాస్టారూ, ఈ వారం వచ్చిన వాటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న మీదే.

అమ్మమ్మ కథలో పక్క ఊరి పేరు ఉన్నా, ఆ పక్క ఊళ్ళో బిడ్డ కనబడక ఏడుస్తున్న తల్లి ఉండదు. 1999 సినిమావాళ్ళు తప్పిపోయారని చెప్పిన ముగ్గురూ వాళ్ళ సొంత నటులే, ఆ మంత్రగత్తె కథ కూడా వాళ్ళు అల్లుకున్నదే. ‘ది ఫోర్త్ కైండ్’ అలా చేయలేదు. నోమ్ నిజమైన ఊరు. అక్కడ మనుషులు తప్పిపోవడం నిజం. సినిమా ఆ నిజాన్ని తీసుకుని, దాని మీద తన అబద్ధాన్ని నిలబెట్టింది.

నోమ్ గురించి చెప్పనివ్వండి. అలాస్కా పడమటి అంచున బేరింగ్ సముద్రం ఒడ్డున ఉంటుంది. జనాభా మూడున్నర వేలకి కొంచెం ఎక్కువ. మిగతా అలాస్కా నుంచి అక్కడికి రోడ్డు లేదు, విమానంలోనో, ఎండాకాలం ఓడలోనో వెళ్ళాలి. 1898లో దగ్గరి వాగులో బంగారం దొరికితే వేలమంది ఎగబడ్డారు, అలా పుట్టిన ఊరది. 1925 చలికాలంలో అక్కడి పిల్లలకి డిఫ్తీరియా సోకితే, కుక్కలు లాగే మంచు బండ్ల మీద ఒకరి తర్వాత ఒకరు మందు అందిస్తూ 674 మైళ్ళు ఐదున్నర రోజుల్లో దాటించారు. ఇప్పటికీ ప్రతి మార్చిలో జరిగే పెద్ద కుక్కబండ్ల పందెం ముగిసేది నోమ్ వీధిలోనే. చుట్టూ చెట్లు దాదాపు లేని టండ్రా నేల, ఎదురుగా సముద్రం. సినిమాలో మీరు చూసిన నోమ్ దట్టమైన అడవి కొండల మధ్య ఉంటుంది. ఎందుకంటే తీసింది బల్గేరియాలోనూ, కెనడాలోని స్క్వామిష్ దగ్గరా. ఆ ఊళ్ళో సగానికి పైగా ఆదివాసులు, ముఖ్యంగా ఇనుపియాట్ జనం. సినిమాలో వాళ్ళు దాదాపు కనిపించరు. తప్పిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఎవరంటే వాళ్ళే.

చుట్టుపక్కల ఎన్నో చిన్న పల్లెలున్నాయి. చాలా పల్లెల్లో మద్యం అమ్మకం నిషేధం. పని మీదో, ఆస్పత్రికో, కొనుగోళ్ళకో నోమ్ వచ్చినవాళ్ళు అక్కడ తాగేవాళ్ళు. చలికాలం రాత్రి తాగి బయటికొచ్చిన మనిషి గడ్డకట్టిన సముద్రం వైపు అడుగేస్తే మళ్ళీ దొరకకపోవచ్చు. ఏళ్ళ తరబడి మనుషులు ఇలా పోతుంటే కుటుంబాలు అడగడం మొదలుపెట్టాయి. అదే ఊళ్ళో 2003లో ఒక ఆదివాసీ యువతి హత్య జరిగింది. ఆ కేసులో దోషిగా శిక్ష పడింది పోలీసు ఉద్యోగికి. ఇక ఆ జనానికి పోలీసుల మాట మీద నమ్మకం ఎలా ఉంటుంది? చివరికి ఎఫ్‌బీఐ వచ్చి, 1960ల నుంచి 2004 వరకు జరిగిన 24 కేసుల్ని పరిశీలించింది. చాలా కేసుల్లో కారణం మితిమీరిన మద్యం, చలి అని చెప్పింది. తొమ్మిది మంది శవాలు దొరకనే లేదు.

ఇప్పుడు ఆ తొమ్మిది ఇళ్ళలో ఒకటి ఊహించుకోండి మాస్టారూ. కొడుకు ఏమయ్యాడో తెలియని తండ్రి. ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు మీ ఊళ్ళో మనుషుల్ని గ్రహాంతరవాసులు ఎత్తుకుపోయారని సినిమా తీసి, ఎఫ్‌బీఐ ఇన్నిసార్లు వచ్చిందంటూ చివర్లో తెర మీద వేస్తే ఆయనకి ఎలా ఉంటుంది? నోమ్ ప్రజలు కోపం తెచ్చుకున్నది అందుకే. నాకు ఈ సినిమా నచ్చకపోవడానికి పెద్ద కారణం కూడా అదే.

ఇంకొకటి కూడా జరిగింది. ప్రచారం కోసం ఇంటర్నెట్‌లో దొంగ వార్తలు పెట్టారు. ఆ డాక్టర్ భర్త మరణవార్త లాంటివి రాసి, అవి అలాస్కాలో నిజంగా నడుస్తున్న పత్రికల్లో వచ్చినట్టు చూపించారు. ఆ పత్రికలు ఊరుకోలేదు. సినిమా విడుదల చేసిన యూనివర్సల్ సంస్థ 2009 నవంబరులోనే రాజీకొచ్చింది. అలాస్కా ప్రెస్ క్లబ్‌కి 20,000 డాలర్లు, కాలిస్టా స్కాలర్‌షిప్ ఫండ్‌కి 2,500 డాలర్లు ఇవ్వడానికి, ఆ దొంగ వార్తలు తీసేయడానికి ఒప్పుకుంది. ఒక విలేకరి ఏళ్ళ తరబడి పేరుపేరునా వాకబు చేసి రాసే ఊరి పత్రికకి ఉన్న నమ్మకాన్ని సినిమా టికెట్ల కోసం వాడుకోవడం చిన్న విషయం కాదు. మీరు పాఠాలు చెప్పినవారు, మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్ళు. వాళ్ళ అన్నయ్యతో కలిసి ఈ సినిమా చూశాడు. వారం తర్వాత ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చిందట, కాలూ చెయ్యీ కదల్లేదట, గదిలో ఎవరో నిలబడి ఉన్నారట, గుండెల మీద బరువట. అప్పటినుంచి ఒంటరిగా పడుకోవడం లేదు. మా అత్తగారు దయ్యం అంటున్నారు, వాడేమో ఏలియన్ అంటున్నాడు. ఏం చేయమంటారు?
– గృహిణి, తెనాలి

ముందు మీరు ధైర్యంగా ఉండండమ్మా. మీవాడు అబద్ధం చెప్పడం లేదు, వాడికి అలాగే జరిగింది. దీన్ని డాక్టర్లు స్లీప్ పెరాలిసిస్ అంటారు. మనం కలలు కనే దశలో ఉన్నప్పుడు, కలలో పరిగెత్తితే నిజంగా కాళ్ళు కదిలి దెబ్బ తగలకుండా, మెదడు కండరాల్ని ఆపి ఉంచుతుంది. ఒక్కోసారి మెలకువ ముందొచ్చి, ఆ కట్టు విడవడం కొన్ని క్షణాలు ఆలస్యమవుతుంది. కళ్ళు తెరుచుకుంటాయి, ఒళ్ళు కదలదు, కల ఇంకా పూర్తిగా పోదు. అందుకే గదిలో ఎవరో ఉన్నట్టు, ఛాతీ మీద కూర్చున్నట్టు అనిపిస్తుంది. కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. నూటికి ఏడెనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందని అధ్యయనాల్లో తేలింది. విద్యార్థుల్లో ఇంకా ఎక్కువ.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ చిన్నప్పటి నుంచి విన్న పేరు ఆవిడ చెప్పారు. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ జనం ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చుందంటారు. జపాన్‌లో కనాషిబారి అంటారు. మీవాడు చూసిన సినిమాలో ఏలియన్ ఉంది కాబట్టి వాడు ఏలియన్ అన్నాడు. హార్వర్డ్‌లో సూసన్ క్లాన్సీ అనే పరిశోధకురాలు, తమని గ్రహాంతరవాసులు ఎత్తుకుపోయారని నమ్మేవాళ్ళతో చాలాకాలం మాట్లాడి 2005లో పుస్తకం రాశారు. వాళ్ళలో చాలామంది కథ మొదలయ్యింది సరిగ్గా ఇలాంటి రాత్రితోనే. వాళ్ళు పిచ్చివాళ్ళు కారని, తమకి జరిగినదానికి ఒక వివరణ వెతుక్కున్న మామూలు మనుషులని ఆవిడ రాశారు.

అబ్బాయిని రోజూ ఒకే సమయానికి పడుకోబెట్టండి. నిద్ర తక్కువైనా, వెల్లకిలా పడుకున్నా ఇది ఎక్కువగా వస్తుంది, పక్కకి తిరిగి పడుకోమనండి. మళ్ళీ వస్తే కాలి వేలో, చేతి వేలో ఒకటి కదపడానికి ప్రయత్నించమనండి, అంతలో పోతుందని ధైర్యం చెప్పండి. కొన్నాళ్ళు ఎవరైనా అదే గదిలో పడుకుంటే తప్పేం లేదు. మాటిమాటికీ వస్తుంటే, పగలు తూగుతుంటే పిల్లల డాక్టర్‌కి చూపించండి. హారర్ సినిమాలు కొన్నాళ్ళు ఆపేయండి. అమెరికాలో దీనికి పదమూడేళ్ళ లోపు పిల్లల విషయంలో జాగ్రత్త అని చెప్పే రేటింగే ఇచ్చారు, పెద్దల సినిమా అనలేదు. కానీ ‘ఇది నిజం’ అని చెప్పడం వల్ల పిల్లల మీద పడే బరువు ఏ రేటింగ్‌లోనూ లెక్కకి రాదు. సినిమాలో డాక్టర్ నటి అని మీరే వాడికి చెప్పండి, పేరుతో సహా. ఆ ఒక్క మాటకే సగం భయం తగ్గుతుంది.

ప్రశ్న: హిప్నాటిజంలో మనిషి అబద్ధం చెప్పలేడంటారు కదా? అలాంటప్పుడు అంతమంది ఒకేలా ఎలా చెబుతున్నారు? అసలు ఈ ఎత్తుకుపోయే కథలు ఎప్పుడు మొదలయ్యాయి?
– లా విద్యార్థి, విశాఖపట్నం

హిప్నాటిజంలో మనిషి కావాలని అబద్ధం చెప్పకపోవచ్చు. జరగనిది కూడా జరిగినట్టు గుర్తు తెచ్చుకోగలడు, పైగా దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. మీరు లా చదువుతున్నారు కాబట్టి చెబుతున్నాను. అమెరికాలో చాలా కోర్టులు హిప్నాటిజంలో వచ్చిన జ్ఞాపకాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి వెనకాడతాయి. కారణం అదే.

ప్రపంచమంతా తెలిసిన మొదటి కథ బెట్టీ, బార్నీ హిల్ దంపతులది. 1961 సెప్టెంబరు 19 రాత్రి, సెలవులు గడిపి కెనడా వైపు నుంచి న్యూ హాంప్‌షైర్‌లోని ఇంటికి కారులో వస్తూ ఆకాశంలో ఒక వెలుగు చూశారు. ఇంటికి చేరేసరికి అనుకున్నదానికన్నా రెండు గంటలు ఆలస్యమైంది. కొన్ని రోజులకి బెట్టీకి వరసగా పీడకలలు వచ్చాయి. ఆవిడ సోషల్ వర్కర్, ఆయన పోస్టాఫీసు ఉద్యోగి. ఆవిడ తెల్లజాతి, ఆయన నల్లజాతి. అరవైల నాటి అమెరికాలో అలాంటి దంపతుల మీద ఎంత ఒత్తిడి ఉండేదో ఊహించవచ్చు. 1964లో బోస్టన్‌లో డాక్టర్ బెంజమిన్ సైమన్ ఇద్దరినీ విడివిడిగా హిప్నాటైజ్ చేశారు. తమని ఎత్తుకుపోయి పరీక్షించారని ఇద్దరూ చెప్పారు.

ఈ కథ చెప్పేవాళ్ళు ఇక్కడితో ఆపేస్తారు. డాక్టర్ సైమన్ ఏమనుకున్నారో చెప్పరు. అది నిజంగా జరగలేదని, బెట్టీ కలలే బార్నీ జ్ఞాపకంలోకి వచ్చాయని ఆయన అభిప్రాయం. ఆ ఏడాది ఫిబ్రవరి 22న జరిగిన సెషన్‌లో బార్నీ తల పక్కకి సాగిన పెద్ద కళ్ళ గురించి చెప్పాడు. అలాంటి కళ్ళున్న గ్రహాంతరవాసి ఫిబ్రవరి 10న ఒక అమెరికన్ టీవీ సీరియల్లో కనిపించింది. పన్నెండు రోజుల తేడా. వాళ్ళు ఆ ఎపిసోడ్ చూశారని ఎవరూ రుజువు చేయలేదు. కానీ తెర మీద ఉన్నది మనుషుల జ్ఞాపకాల్లోకి ఎంత సులువుగా వస్తుందో ఆలోచించాల్సిన విషయం.

‘ది ఫోర్త్ కైండ్’ హిప్నాటిజాన్ని తాళంచెవిలా చూపించింది, తిప్పితే చాలు నిజం బయటపడుతుందన్నట్టు. నిజానికి ఒక మానసిక వైద్యురాలు తనకే తెలియకుండా తన రోగుల మనసుల్లోకి తన భయాన్ని ఎక్కించడం అన్నది ఇంకా పెద్ద హారర్ కథ. భర్త చావుని ఒప్పుకోలేని డాక్టర్, అందరికీ ఒకే ప్రశ్న వేసి ఒకే జవాబు రాబట్టడం! ఆ కథకి కావలసినవన్నీ సినిమాలో ఉన్నాయి. చివర్లో ఒక్క నిమిషం ఆ అనుమానం రేపి వదిలేశారు. నాకు బాగా నిరాశ కలిగించిన చోటు అది.

ప్రశ్న: పేరులో ‘ఫోర్త్’ ఏమిటి? మొదటి మూడు భాగాలు ఎక్కడ దొరుకుతాయి?
– ఆటోమొబైల్ మెకానిక్, నల్గొండ

మొదటి మూడు భాగాలు లేవండీ. జె. అలెన్ హైనెక్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త 1972లో రాసిన పుస్తకంలో, ఆకాశంలో వింత వస్తువుల్ని దగ్గర్నుంచి చూసినవాళ్ళ కథల్ని మూడు రకాలుగా విడదీశాడు. దగ్గరగా కనిపించడం మొదటిది, నేల మీదో మొక్కల మీదో గుర్తులు మిగలడం రెండోది, లోపల ఉన్నవాళ్ళు కనిపించడం మూడోది. ఎత్తుకుపోవడం అనే నాలుగో రకాన్ని తర్వాత వేరేవాళ్ళు చేర్చారు.

ప్రశ్న: మా కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో ఇదే సినిమా వేయాలనుకున్నాం. మీరు ఇంత విమర్శిస్తారని తెలిస్తే ఆపేద్దామంటున్నారు కొందరు. దీనికి బదులు ఎత్తుకుపోయే కథతోనే మంచి సినిమా ఏదైనా చెప్పండి.
– ఫిల్మ్ క్లబ్ సభ్యులు, అనంతపురం

ఆపకండి, వేయండి. బాగా తీసిన సినిమా కన్నా ఇలా చేతికొచ్చి జారిపోయిన సినిమా దగ్గర నేర్చుకునేది ఎక్కువ ఉంటుంది. సినిమా 98 నిమిషాలు. ముందు ఎవరికీ ఏమీ చెప్పకుండా మొత్తం చూపించండి. తర్వాత ఆ తుపాకీ సీను మళ్ళీ వేసి, తెరలో కుడి సగానికి అట్ట అడ్డం పెట్టి ఒకసారి, ఎడమ సగానికి పెట్టి ఒకసారి చూడమనండి. ఏ సగం ఒంటరిగా నిలబడుతుందో వాళ్ళకే తెలుస్తుంది. ఆ రికార్డర్ సీను మాత్రం బొమ్మ ఆపేసి స్పీకర్లలో వినిపించండి. ఆ తర్వాత నోమ్ గురించి, ఆ 24 కేసుల గురించి ఒకరు చదివి వినిపించాలి. చివరికి చర్చ. విరామం కలుపుకుని మూడు గంటలకి హాలు అడగండి.

బదులుగా అని కాదు గానీ, మర్నాటికి 1993లో వచ్చిన ‘ఫైర్ ఇన్ ద స్కై’ పెట్టుకోండి. 1975 నవంబరు 5న ఆరిజోనా అడవుల్లో చెట్లు కొట్టే కూలీల జట్టులోంచి ట్రావిస్ వాల్టన్ అనే అతను మాయమై ఐదు రోజుల తర్వాత తిరిగొచ్చాడు. అతని మాట నిజమా కాదా అన్నది ఇప్పటికీ వాదనే. గ్రహాంతరవాసుల ఓడ లోపల సీను చూసినవాళ్ళు మర్చిపోలేరు, కానీ అది సినిమావాళ్ళు కల్పించింది. వాల్టన్ చెప్పింది వేరు. ఆ సంగతి మీ ప్రేక్షకులకి ముందే చెప్పేయండి. నాకు నచ్చింది మాత్రం మొదటి సగం. మిగిలిన కూలీలు ఊళ్ళోకి వస్తే, వాళ్ళే చంపేసి కథ చెబుతున్నారని ఊరంతా అనుమానిస్తుంది. రాబర్ట్ పాట్రిక్ ఆ జట్టు పెద్దగా చేశాడు. స్నేహితుణ్ణి అడవిలో వదిలి వచ్చేశానన్న బాధ అతని ప్రతి మాటలో వినిపిస్తుంది. దానికి పక్కన ఇంకో వీడియో పెట్టి రుజువు చేయాల్సిన అవసరం రాలేదు. మీ క్లబ్‌లో సౌండ్ మీద ఆసక్తి ఉన్నవాళ్ళుంటే రెండు సినిమాలు చూశాక నాకు రాయమనండి. వాళ్ళు విన్నది వచ్చే సంచికలో వేద్దాం.